షాదీఖానా తాళంచెవి ఎవరి జేబులో ఉంది?

రబీఉల్ అవ్వల్ నెల వచ్చిందంటే మన మహల్లాల్లో ఒక జల్సా తప్పదు. "ఇస్లాం మే ఔరత్ కా మఖామ్" అని ఫ్లెక్సీ కడతారు. స్టేజీ మీద ఏడు కుర్చీలేస్తే ఏడింటిలోనూ మగవాళ్లే కూర్చుంటారు. పర్దా కట్టిన అవతలి వైపు మనం. ఒళ్లో ఒకరు, కొంగు పట్టుకుని ఒకరు. మౌలానా సాబ్ హజ్రత్ ఖదీజా (రజి.) తిజారత్ గురించి చెబుతారు, హజ్రత్ ఆయిషా (రజి.) ఇల్మ్ గురించి చెబుతారు. సగం వినబడుతుంది, సగం పిల్లల ఏడుపులో పోతుంది. ఇంతలో మైకులోంచి నాజిమ్ సాబ్ గొంతు: "ఖవాతీన్ అప్నే బచ్చోంకో చుప్ కరాయేఁ."

నా కొట్లాట ఆ ఒక్క మాటతో. ఔరత్ ఖయాదత్ జాయజా, నాజాయజా అని మన దగ్గర బహస్ జరగని రంజాన్ లేదు. వద్దనేవాళ్లు ఒక హదీస్ తీస్తారు, కావాలనేవాళ్లు ఇంకొకటి తీస్తారు. ఇద్దరూ ఇంటికెళ్లేసరికి దస్తర్‌ఖాన్ పరిచి ఉంటుంది. నేను ఇద్దరినీ ఒకటే అడుగుతున్నా. పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా పిల్లను ఎవరు ఎత్తుకుంటారు? ఈ సవాల్‌కు జవాబు లేని మహల్లాలో ఏ ఔరతూ దేనికీ సదర్ కాలేదు, కాబోదు. మీరు ఇజాజత్ ఇచ్చినా కాలేదు.

దూరం ఎందుకు, దేవరయాంజాల్ చూడండి. హకీంపేట దాటి తూంకుంట వైపు వచ్చి లోపలికి తిరిగితే కనబడేది గోడౌన్లు. నీలం రేకుల షెడ్లు, ఒక్కోటి మన ఈద్‌గా మైదానమంత. ఈ ఊరి పేరు పేపర్లలో ఎప్పుడొచ్చినా భూముల గురించే వస్తుంది. సీతారామస్వామి గుడి మాన్యం 1,521 ఎకరాలని, అది ఎవరెవరి చేతుల్లోకి పోయిందో తేల్చాలని 2021 మేలో సర్కారు ఐఏఎస్‌ల కమిటీ వేసింది. భూమి ఎవరిదన్న లెక్క కోసం ఇన్ని ఫైళ్లు కదిలాయి గానీ, ఆ రేకుల కింద రోజంతా నిలబడే ఆడవాళ్ల పిల్లలు ఎక్కడున్నారన్న లెక్క కోసం ఒక్క కాగితం కదలలేదు. గుడి పెద్దలూ అడగలేదు, మన మసీదు పెద్దలూ అడగలేదు. ఈ ఒక్క విషయంలో మన ఊళ్లలో మంచి ఇత్తెహాద్ ఉంది.

మా వైపు ఒక బాజీ ఉంది. పేరు రాయను. ఆమె మియా ట్రాలీ ఆటో తోలుతాడు, కిరాయి దొరికిన రోజు దొరికినట్టు. పొద్దున ఆరున్నరకు లేబర్ ఆటో వస్తుంది. దాంట్లో పదకొండు మంది ఎక్కుతారు. గోడౌన్‌లో ఆమె చేతికి ఒక స్కానర్ ఇస్తారు. ఏ వరుసలో ఏ అరలోంచి ఏ డబ్బా తీయాలో అదే చెబుతుంది. ఎన్ని నిమిషాల్లో తీసిందో కూడా అదే రాసుకుంటుంది. షిఫ్టంతా నిలబడే పని. ఇంట్లో పది నెలల పసిది. మధ్యాహ్నానికి ఒళ్లు పాలతో బరువెక్కి, బురఖా తడిసి, బాత్రూంలోకి వెళ్లి పిండి పారబోసి వస్తుంది. ఆ ఐదు నిమిషాలూ స్కానర్ లెక్కలో "ఖాళీ"గా పడతాయి.

పసిదాన్ని చూసేది పెద్ద కూతురు. దానికి పదకొండేళ్లు. సర్కారు బడిలో నాలుగో తరగతి దాకా క్లాస్ లీడర్ అదే. మైనారిటీ గురుకులంలో ఐదో తరగతికి సీటొచ్చింది. ఈ గురుకులాలు 2016లో 71తో మొదలై 204 అయ్యాయి. మన ఆడపిల్లలకు హాస్టల్, చదువు, భోజనం అన్నీ ముఫ్త్‌గా వచ్చిన చోటు అది. అలాంటి సీటు కాగితం ఇప్పుడు బీరువాలో బట్టల కింద ఉంది. సీటొచ్చిన పిల్ల చంకలో చెల్లెలుంది. ఎందుకు పంపలేదని నేనడిగితే ఆ తల్లి నా మీద గయ్యిమంది. "పంపిస్త బాజీ, నువ్వు చూస్తవా చిన్నదాన్ని?" అంది. నా దగ్గర జవాబు లేదు. నా ఒక్కదాని దగ్గర ఉండాల్సిన జవాబు కూడా కాదు అది.

మన ఖౌమ్‌లో ఆడ లీడర్లు ఎందుకు లేరని సెమినార్లు పెట్టేవాళ్లు ఆ గడప దగ్గరికి వచ్చి చూడాలి. లీడర్ కావాల్సిన పిల్ల అక్కడ సీసా కడుగుతూ దొరుకుతుంది.

ఇక్కడ ఒక ఎతిరాజ్ వస్తుందని తెలుసు. "ఔరత్‌ను నౌకరీకి ఎవరు పొమ్మన్నారు? ఇంట్లో కూర్చోవచ్చు కదా? నఫఖా మర్ద్ జిమ్మా." బహుత్ ఖూబ్. నఫఖా మర్ద్ జిమ్మానే, అందులో నాకేం ఇఖ్తిలాఫ్ లేదు. కానీ ఆ జిమ్మా తీర్చలేని మర్ద్ ఇంటి కిరాయి కమిటీ ఎన్నిసార్లు కట్టింది? బేవాల, తలాఖ్ అయినవాళ్ల, మియా గల్ఫ్‌కెళ్లి ఫోన్ ఎత్తని వాళ్ల నఫఖా ఏ రిజిస్టర్‌లో రాసి ఉంది? ఆమె గోడౌన్‌కు షౌఖ్‌తో పోలేదు. మజ్బూరీతో పోయింది. ఒకవేళ షౌఖ్‌తో పోయినా నాకు తక్రార్ లేదు. నేను కూడా ముగ్గుర్ని కని నౌకరీ చేసినదాన్నే. పిల్లల కోసం ఒక గది అడిగితే ఆ ఆఫీసులో పెద్దాయన నవ్వి "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు మేడం" అన్నాడు. అడగాల్సినవాళ్లంతా నాకంటే ముందే నౌకరీ మానేసి వెళ్లిపోయారని ఆయనకు తోచలేదు.

ఇప్పుడు దీన్ మాటకే వద్దాం, ఎందుకంటే మనల్ని ఊరుకోబెట్టేది దాని పేరు మీదే.

హజ్రత్ ఉమర్ (రజి.) ఖలీఫాగా ఉన్న రోజుల్లో మదీనా బయట ఒక కాఫిలా దిగింది. రాత్రి కాపలాకు ఆయనే వెళ్లారు. ఒక పసిబిడ్డ ఏడుపు ఆగడం లేదు. తల్లి దగ్గరికి వెళ్లి బిడ్డను చూసుకో అన్నారు. మళ్లీ ఏడుపు, మళ్లీ వెళ్లారు. మూడోసారి కాస్త గట్టిగానే అడిగారు. తనతో మాట్లాడుతున్నది ఖలీఫా అని ఆమెకు తెలియదు. ఉమర్ పాలు విడిచిన పిల్లలకే వజీఫా ఇస్తాడు, అందుకే నెలలు నిండకుండానే బలవంతంగా పాలు మాన్పిస్తున్నా అని చెప్పింది. ఆ రోజు ఫజర్ నమాజ్‌లో ఆయన ఖిరాత్ ఏడుపులో కలిసి జనానికి సరిగ్గా వినబడలేదంటారు. నమాజ్ అయ్యాక ఎలాన్ చేయించారు. పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టిన రోజు నుంచే బైతుల్ మాల్‌లోంచి వజీఫా. ఇది ఇబ్నె సాద్ తబఖాత్‌లో ఉంది, మన ఇమామ్ సాబ్‌లందరికీ తెలిసిన వాఖియా. ఖుత్బాలో చెబుతారు కూడా. కాకపోతే ఉమర్ ఎంత రహమ్‌దిల్‌లో చెప్పి ఆపేస్తారు.

నాకు కనబడేది ఇంకోటి. ఆ తల్లి తప్పు లేదు, ఖానూన్ తప్పు. ఆ ఖానూన్ ఆమెను తన బిడ్డకు ఆకలి పెట్టేలా చేసింది. ఖలీఫా ఆమెకు సబర్ గురించి తఖ్రీర్ ఇవ్వలేదు, బిడ్డను చుప్ చేయమని ఎలాన్ చేయించలేదు. ఖానూన్ మార్చారు. బైతుల్ మాల్ మీద ఖర్చు పెరిగింది, పెరగనిచ్చారు. అదే తల్లి ఇవాళ దేవరయాంజాల్‌లో ఉంది. బాత్రూంలో పాలు పిండి పారబోస్తోంది. రాత్రి కాపలాకు ఎవరెళ్తున్నారు?

సూరా బఖరా 233వ ఆయత్ ఒకసారి తర్జుమాతో చదవండి. పూర్తిగా పాలివ్వాలనుకుంటే రెండేళ్లు. ఆ కాలంలో తల్లి తిండీ బట్టా తండ్రి జిమ్మా. అంతకుముందే పాలు మాన్పించాలనుకుంటే ఇద్దరి రజామందీతో, ఇద్దరి మష్వరాతో. పసిబిడ్డ పాల దగ్గర కూడా ఔరత్‌తో మష్వరా చేయమన్నాడు అల్లాహ్. మనం మసీదుకు కొత్త బోరు వేయడానికి కూడా ఆమెను అడగం.

ఇంకో సంగతి. రసూలుల్లాహ్ (స.) జమాత్‌లో నమాజ్ పొడుగ్గా చదివించాలని నిలబడి, వెనక బిడ్డ ఏడుపు వినబడితే తల్లికి తక్లీఫ్ అవుతుందని నమాజ్ తగ్గించేవారు. మనవరాలు ఉమామాను ఎత్తుకునే నమాజ్ చదివించారు. సజ్దాలో దించడం, లేచినప్పుడు మళ్లీ ఎత్తుకోవడం. రెండూ బుఖారీలో ఉన్నాయి. ఇమామత్ చేసే మనిషి భుజం మీద పిల్ల! అది సున్నత్ అయిన ఉమ్మత్‌లో మగవాడు కొడుకు ముక్కు తుడిస్తే "జోరూ కా గులామ్" అంటారు. గడ్డం ఎంత పొడుగుండాలో మనకు బాగా తెలుసు, ఈ సున్నత్ మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

ఖయాదత్ అంటే అసెంబ్లీ, పార్లమెంటు అనుకునేవాళ్ల కోసం ఆ హిసాబ్ కూడా చూద్దాం. 2023లో తెలంగాణ అసెంబ్లీకి గెలిచిన 119 మందిలో ఆడవాళ్లు పదిమంది. ఆ పదిమందిలో ముస్లిం ఔరత్ ఒక్కరూ లేరు. మన పేరు మీద సియాసత్ చేసే మజ్లిస్ గెలుచుకున్న ఏడు సీట్లలో ఏడుగురూ మగవాళ్లే. అదే ఏడాది సెప్టెంబర్‌లో మహిళా రిజర్వేషన్ బిల్లు లోక్‌సభలో 454 ఓట్లతో పాసైంది. వ్యతిరేకంగా పడినవి రెండు, రెండూ మజ్లిస్‌వే. బీసీ, ముస్లిం ఔరతులకు లోపల కోటా లేదన్నారు. ఆ దలీల్‌లో హక్ ఉంది, నేను కాదనను. కోటా లేకపోతే మన ఔరత్‌కు సీటు రాదన్నది నిజమే. అయితే భాయిసాబ్, పార్టీ టికెట్ ఇవ్వడానికి పార్లమెంటు ఇజాజత్ అక్కర్లేదు కదా? కార్పొరేటర్లుగా అదే పార్టీ నుంచి మన ఖవాతీన్ గెలిచారు, ఎందుకంటే అక్కడ రిజర్వేషన్ ఉంది, తప్పించుకోలేరు. తప్పించుకోగల చోట తప్పించుకున్నారు. కాంగ్రెస్, బీఆర్‌ఎస్‌లను వదిలేస్తున్నానని అనుకోవద్దు. వాళ్ల నుంచి 2023లో ముస్లిం మర్ద్ కూడా గెలవలేదు, ఇంక ఔరత్ సంగతి ఎక్కడ?

మన హైదరాబాద్‌కు ఇది కొత్త కూడా కాదు. మాసూమా బేగం 1952లో షాలిబండ నుంచి హైదరాబాద్ అసెంబ్లీకి గెలిచారు. 1957లో పత్తర్‌గట్టి నుంచి. 1960లో సంజీవయ్య గారి కేబినెట్‌లో మంత్రి అయ్యారు, ఔఖాఫ్ కూడా ఆమె చేతిలోనే ఉండేది. అవును, ఔఖాఫ్! ఒక ఔరత్ చేతిలో! ఆస్మాన్ కూలలేదు. 1962లో పత్తర్‌గట్టిలో ఆమెను ఓడించింది సలాహుద్దీన్ ఒవైసీ సాబ్. ఓడడం గెలవడం సియాసత్‌లో మామూలే. ఆమె తర్వాత ఆ కుర్చీ వైపు ఇంకో ఔరత్‌ను మనం ఎందుకు పంపలేదన్నదే నా సవాల్. ఆమె కంటే ముందే సుఘ్రా హుమాయూన్ మీర్జా ఔరతుల కోసం అన్నిసా రిసాలా నడిపారు, 1934లో సఫ్దరియా గర్ల్స్ స్కూల్ పెట్టారు.

వీళ్లను తలుచుకుంటే ఫఖర్‌గానే ఉంటుంది. కానీ ఒకటి గమనించండి. ఆ తరం ఖవాతీన్ వచ్చింది డ్యోఢీలున్న ఖాందాన్‌ల నుంచి. ఆ ఇళ్లలో పిల్లల్ని ఎత్తుకోవడానికి అన్నాలు, మామాలు ఉండేవాళ్లు. ఆ మామాల పిల్లల్ని ఎవరు ఎత్తుకున్నారో తారీఖ్‌లో ఎక్కడా రాయలేదు. సరిహద్దు అవతల బేనజీర్ భుట్టో 1990 జనవరిలో వజీరె ఆజమ్‌గా ఉంటూనే ఆడపిల్లను కన్నది. దునియా అంతా ఆశ్చర్యపోయింది. ఆమెకు ఆయాలున్నారు. మా బాజీకి అత్త కూడా లేదు, ఆమె కరోనాలో పోయింది. అందుకే డ్యోఢీ లేని ఔరత్‌కు డ్యోఢీ పని మహల్లా చేయాలంటున్నా.

సర్కారు ఏం చేస్తోందంటారా? అంగన్‌వాడీలున్నాయి, వాటిని తక్కువ చేయను. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇంటికిస్తారు. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణీలకు, బాలింతలకు రోజూ ఒక పూట అన్నం, పప్పు, గుడ్డు, పాలు సెంటర్‌లోనే పెడతారు. మంచి స్కీమే. పగలంతా గోడౌన్‌లో నిలబడే బాలింత మధ్యాహ్నం సెంటర్‌కు వచ్చి ఎలా తింటుంది? ఆ స్కీము రాసినాయన మనసులో బాలింత అంటే ఇంట్లో ఉండేదే. మూడేళ్లలోపు పిల్లను రోజంతా ఉంచుకునే ఏర్పాటు మామూలు అంగన్‌వాడీలో లేదు. పాల్నా అని సెంటర్‌ది ఒక స్కీముంది, అంగన్‌వాడీలోనే క్రెష్ నడపాలని. మా వైపు ఆ పేరు విన్న తల్లి నాకింతవరకు తగల్లేదు.

ఖానూన్ అయితే గట్టిదే. ఇది ప్రతి నౌకరీ చేసే ఇంట్లోనూ తెలిసి ఉండాలి, అందుకని కాస్త వివరంగా రాస్తున్నా. 2017లో మెటర్నిటీ బెనిఫిట్ చట్టాన్ని మార్చారు. మొదటి ఇద్దరు పిల్లల కాన్పులకు 26 వారాల జీతంతో సెలవు, ఇద్దరు పిల్లలున్న తల్లికి తర్వాతి కాన్పుకు 12 వారాలు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ పెట్టాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. 50 మంది అంటే ఆడవాళ్లు 50 మంది కాదు, మగా ఆడా కలిపి. నెలకు 21,000లోపు జీతమై ఈఎస్ఐ కోత పడుతుంటే, కాన్పు పైసలు ఈఎస్ఐ నుంచి వస్తాయి. జీతం చీటీలో ఆ కోత ఉందో లేదో చూసుకోండి, కార్డు నంబర్ అడిగి తీసుకోండి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కూడా క్రెష్ మాట అలాగే ఉంది. పైగా ఒక దారి తెరిచింది. ఒక్కో సంస్థా సొంతంగా పెట్టకపోయినా, నాలుగు సంస్థలు కలిసి ఒకటి నడపొచ్చు, మున్సిపాలిటీ నడిపేదాన్నో, స్వచ్ఛంద సంస్థ నడిపేదాన్నో వాడుకోవచ్చు.

అమలు? గోడౌన్‌లో పనిచేసేవాళ్లు చెప్పేదిది. ఒకే రేకుల కింద పనిచేసేవాళ్ల పేర్లు ముగ్గురు కాంట్రాక్టర్ల రిజిస్టర్లలో ఉంటాయి. ఏ ఒక్కరి దగ్గరా లెక్క 50 దాటదు. లేబర్ ఆఫీసులో కంప్లయింట్ పెట్టాలంటే ఒకరోజు కూలి పోవాలి, మర్నాడు గేటు దగ్గర పేరు ఉండకపోవచ్చు. ఒక్కదాని వల్ల అయ్యే పని కాదిది. జమాత్ వల్ల అవుతుంది. ఫజర్ నుంచి ఇషా దాకా రోజుకు ఐదుసార్లు జమాత్ కట్టే ఖౌమ్‌కు ఇది చెప్పాల్సి రావడం అజీబ్‌గా ఉంది.

ఇక నా తజ్వీజ్. శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా మన ఊళ్లలో షాదీఖానా ఉన్న చోటల్లా చూడండి. కొన్ని సర్కారు పైసలతో కట్టినవి, కొన్ని మన చందాలతో. శనివారం, ఆదివారం నికాహ్‌లు, వలీమాలు. ముహర్రంలో పెద్దగా ఉండవు, రంజాన్‌లో ఉండవు. మామూలు వారాల్లో సోమవారం నుంచి గురువారం దాకా లోపల ఏముంటాయి? బోర్లించిన దేగ్‌లు, ఎర్ర కుర్చీల గుట్టలు, పావురాలు. ఫ్యాన్లున్నాయి, నీళ్లున్నాయి, ఇజ్జత్‌గల కాంపౌండ్ గోడ ఉంది. పక్క గదిలో ఇరవై మంది పిల్లలు పడుకోవచ్చు. నికాహ్ ఉన్న రోజు కూడా ఆ ఒక్క గదీ విడిగా ఉంచుకోవచ్చు. పొద్దున ఆరుకు తెరవాలి, రాత్రి ఏడున్నరకు మూయాలి. గోడౌన్ షిఫ్టుకు తగ్గట్టు, పెద్దవాళ్ల చాయ్ వేళలకు తగ్గట్టు కాదు. గోడౌన్ల వాళ్ల దగ్గరికి కమిటీ లెటర్‌హెడ్ మీద వెళ్లి, ఖానూన్ మీ మీద వేసిన జిమ్మా ఇది, మీరు నలుగురూ కలిసి ఖర్చు పెట్టండి, చోటు మేమిస్తాం అనాలి.

పిల్లల్ని చూసే ఔరతులకు తన్ఖా ఇవ్వాలి. "ఖిద్మత్" అని చెప్పి ముఫ్త్‌గా చేయించుకోవద్దు. ఇమామ్ సాబ్‌కు ఇస్తున్నాం, మువజ్జిన్ సాబ్‌కు ఇస్తున్నాం, అదీ ఖిద్మతే కదా. తన్ఖా తీసుకుంటే సవాబ్ తగ్గుతుందని వాళ్లతో ఎవరూ అనలేదు.

జకాత్ పైసలు జీతాలకు, కిరాయికి నేరుగా పెట్టకూడదు, తమ్లీక్ షర్త్ ఉందంటారు. మన హనఫీ ఉలమా మాట అదే, ఒప్పుకుంటున్నా. హక్‌దార్ అయిన తల్లి చేతికే జకాత్ ఇవ్వండి, ఆమె ఫీజు కడుతుంది. జీతాలకు లిల్లాహ్, అతియ్యాత్ వాడండి. మదర్సాల హిసాబ్ చూసినవాళ్లకు ఇది కొత్త తరీఖా కాదు, కొత్త ఫత్వా కూడా అక్కర్లేదు.

పిల్లలు మనవాళ్లే ఉండాలా అని ఒక పెద్దాయన అడిగారు. లేబర్ ఆటోలో పదకొండు మంది ఎక్కుతారని పైన రాశాను. అందులో నలుగురు మనవాళ్లు, ఏడుగురు కారు. దారి పొడుగునా ఒకరి డబ్బాలోది ఒకరు తింటారు. వాళ్ల పిల్లలు వేరే ఎక్కడికెళ్లాలి? హమ్‌సాయా హక్ గురించి ఎన్ని జుమాలు విన్నాం?

ఇంకో షర్త్ ఉంది, దీని దగ్గరే కమిటీలు బిగుసుకుంటాయి. నడిపేది ఖవాతీన్ కావాలి, చెక్కు మీద దస్తఖత్ కూడా వాళ్లదే ఉండాలి. షాదీఖానా కమిటీలో రెండు కుర్చీలు పనికెళ్లే ఔరతులకివ్వాలి. సదర్ సాబ్ కోడలికి, మాజీ సర్పంచ్ బీవీకి ఇచ్చి పేరుకు కూర్చోబెట్టడం కాదు. ఆ తమాషా పంచాయతీల్లో చూశాం. రిజర్వేషన్ సీటులో గెలిచేది ఆమె, మీటింగ్‌లో కూర్చునేది ఆమె మియా. ఇమామత్ అడగలేదు, ఖిలాఫత్ అడగలేదు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు అడుగుతున్నాం. వక్ఫ్ బోర్డులో కనీసం ఇద్దరు ఔరతులుండాలని 2013 సవరణలోనే రాశారు. నాంపల్లిలో బోర్డుకు జాయజ్ అయినది మన ఊరి షాదీఖానాకు నాజాయజ్ ఎలా అయ్యింది?

వద్దనేవాళ్లు కిస్రా కూతురి హదీస్ తీస్తారు. ఈరాన్ తఖ్త్ మీద ఆమెను కూర్చోబెట్టిన ఖబర్ విన్నప్పుడు చెప్పిన మాట అది. దాని దాయరా ఎంతన్న దాని మీద ఉలమాలోనే ఇఖ్తిలాఫ్ ఉంది, ఆ బహస్ వాళ్లకే వదిలేస్తున్నా. నేను హుదైబియా గుర్తు చేస్తా. సులహ్ అయ్యాక ఖుర్బానీ చేసి తల గొరిగించుకోమని రసూలుల్లాహ్ (స.) మూడుసార్లు చెప్పినా దుఃఖంలో ఉన్న సహాబా కదల్లేదు. ఆయన డేరాలోకి వెళ్లి ఉమ్మె సలమా (రజి.)కి చెప్పారు. ఎవరితో మాట్లాడకండి, ముందు మీరే బయటికెళ్లి మీ ఖుర్బానీ చేయండి అని ఆమె మష్వరా ఇచ్చారు. అలాగే చేశారు. అందరూ లేచారు. అంత పెద్ద జమాత్ కదలని ఘడియలో దారి చూపించింది ఒక ఔరత్, పిల్లలు కలిగిన బేవాగా ఆ ఇంటికి వచ్చిన ఔరత్. కమిటీ మీటింగ్‌లో బోరు మోటార్ గురించి ఆమెలాంటి ఒకరిని అడిగితే మన దీన్‌కు ఏం ఖత్రా వస్తుందో ఎవరైనా దలీల్‌తో చెప్పండి, వింటాను.

మర్దులతో ఒక చిన్న మాట. క్రెష్ వచ్చినా రాత్రి ఏడున్నర తర్వాత పిల్ల ఇంటికే వస్తుంది. అప్పుడు ఫోన్ పక్కన పెట్టి ఎత్తుకోండి. ఇంటిపనిలో చేయి వేయడం కూడా సున్నతే, ఆయిషా (రజి.) గవాహీ ఉంది.

దరఖాస్తు రాసేశాం, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. కింద 23 మంది తల్లుల దస్తఖత్‌లు, కొన్ని వేలిముద్రలు. క్రెష్ గదికి కావాల్సిన సామాను, నెల ఖర్చు, ఎవరెవరు ఏ వేళ చూసుకుంటారు అన్నీ వెనక కాగితంలో ఉన్నాయి. గురుకులంలో వచ్చే ఏటి దాఖలాల కంటే ముందే గది తెరవాలని అందులో రాశాం, ఎందుకో పైన చెప్పాను. వచ్చే జుమా నమాజ్ తర్వాత షాదీఖానా దగ్గరికి వస్తున్నాం. తాళంచెవి సదర్ సాబ్ దగ్గరుందని వాచ్‌మన్ అంటాడు, నాయబ్ సదర్ దగ్గరుందని సదర్ సాబ్ అంటారు. ఇద్దరూ ఆ రోజు ఊళ్లోనే ఉండాలని ఇల్తిజా.